నలభై రెండు గెడలు

నేను చూశాను. ఎవరో చెప్తే విన్నది కాదు, పేపర్లో చదివిందీ కాదు. లాంచీ చుక్కాని దగ్గర నిలబడి ఈ రెండు కళ్లతో చూశాను. పోర్టాఫీసులో మూడుసార్లు అదే చెప్పాను. మూడుసార్లూ రాసుకున్నారు, మూడుసార్లూ ఆ కాగితం కనబడలేదన్నారు. ఇవాళ మీరు అడిగారు కాబట్టి నాలుగోసారి చెప్తున్నాను. ముందు కూర్చున్నవాళ్లు చదువుకునే పిల్లలు, వెనక గోడకి ఆనుకున్నవాళ్లు మిల్లు నుంచి డ్యూటీ దిగి వచ్చారు. కాస్త నీరసంగా మాట్లాడితే ఏమనుకోకండి. నిన్న మూడు గంటలు ఛాతీలోతు నీళ్లలో నిలబడి వచ్చాను.

ఏరు సముద్రంలో కలిసేచోట మా పేట. ఆ చోటుని మేం మొగ అంటాం. మా గట్టుకి ఎదురుగా నీళ్ల మధ్య పెద్ద ఇసుక దిబ్బ ఒకటుంది. ఆటు తీస్తే బయటపడుతుంది, పోటొస్తే మునిగిపోతుంది. మా ఆడవాళ్లు దాని మీద గుల్లలు తవ్వుతారు. మా ఇళ్లల్లో పొయ్యి వెలిగేది వాటితోనే. గట్టుకీ దిబ్బకీ మధ్య లోతైన పాయ ఉంది. బార్జీలు, నేను నడిపే లాంచీ, షికారు క్లబ్బు వాళ్ల స్పీడుబోట్లు, అన్నీ ఆ పాయలోనే వెళ్లాలి. మా తెడ్డు పడవలు దాన్ని దాటి దిబ్బకెళ్లాలి. వాళ్లది నిలువు దారి, మాది అడ్డదారి. గొడవంతా అక్కడే ఉంది.

ఆ పొద్దున పదింటికి మా బావ పడవ దిబ్బ నుంచి తిరిగొస్తోంది. బావంటే మా అక్క మొగుడు. పడవలో అక్క, మా పిన్ని, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, గుల్లల బస్తాలు. పాయ దాటేశారు. పాయ అంచున మేం పాతుకున్న వెదురు గెడల వరస కూడా దాటి, గట్టు పక్క తక్కువ నీళ్లలోకి వచ్చేశారు. ఇంక ఇల్లు చేరినట్టే. పిన్ని తలగుడ్డ విప్పి నీళ్లు పిండుకుంటోంది. అంతలో క్లబ్బు బోటొకటి, మలుపు తిరగడానికి బద్ధకమేసి, గెడల లోపల నుంచి కోసుకుంటూ వచ్చింది. ఆ స్పీడులో దాని ముక్కు పైకి లేస్తుంది, నడిపేవాడికి ఆకాశం తప్ప ఏమీ కనబడదు. నేను హారన్ కొట్టాను. మళ్లీ కొట్టాను. పడవ రెండు ముక్కలైంది.

పిన్నిని గట్టు మీదికి తెచ్చేసరికి ప్రాణం లేదు. తలగుడ్డ మాత్రం గట్టిగా పట్టుకునే ఉంది. బోటు నడిపినాయన నల్లకళ్లద్దాలు తియ్యకుండానే, "వీళ్లు నాకు కనబడలేదు" అన్నాడు. ఆ మాట అబద్ధమని నేను అనను. కనబడాలని వాళ్లకి ఎప్పుడైనా అనిపిస్తే కదా.

ఇప్పుడు గెడల సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది మీకు అర్థం కాదు. మొగలో పాయ ఒకచోట కుదురుగా ఉండదు. అమావాస్యకీ పున్నమికీ పెద్ద పోటొచ్చి ఇసుకని తోసేస్తుంది, పాయ పక్కకి జరుగుతుంది. పోర్టాఫీసు వాళ్లు దారికి గుర్తుగా వేసిన ఇనుప బోయాలు ఎనిమిదేళ్ల కిందట పాయ ఎక్కడుందో అక్కడే తేలుతున్నాయి. వాటిని నమ్ముకుంటే ఏ బార్జీ అయినా ఇసుకెక్కుతుంది. మరి అందరూ ఎలా వెళ్తున్నారంటారా? మా గెడల్ని చూసి. పెద్ద పోటు పోయిన మర్నాడు బావ, అక్క, ఇంకో నలుగురు ఆటులో దిగేవాళ్లు. అరికాళ్లతో తడుముకుంటూ పాయ అంచు ఎక్కడుందో పట్టుకుని గెడలు మార్చేవాళ్లు. సముద్రంలోకి వెళ్లేటప్పుడు ఎడమ పక్క వరసకి కొనన చీపురు కడతారు, కుడి పక్కది ఉత్త గెడ. చీపురు వరసకీ బోడి వరసకీ మధ్యే దారి. మొత్తం నలభై రెండు గెడలు. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు, తాతల నాటి నుంచీ చేస్తున్నాం.

దానికొక కట్టుబాటు ఉంది. కొత్త గెడ నిలబడేదాకా పాత గెడ పీకకూడదు. దారి ఒక్క నిమిషం కూడా గుర్తు లేకుండా ఉండకూడదు. బావ దగ్గర ఈ మాటకి తిరుగులేదు. ఒకసారి జ్వరంలో దిగాడు. కొత్త గెడ ఎంత పొడిచినా మట్టిలో నిలవడం లేదు, పాతది ఒరిగిపోతోంది. ఆ పాత గెడని కౌగిలించుకుని అరగంట వణుకుతూ నీళ్లలో ఉండిపోయాడు. అక్క ఆ రోజు తిట్టిన తిట్లు ఇంతమందిలో చెప్పేవి కావు.

పిన్ని పోయిన వారానికి పోర్టాఫీసులో విచారణ పెట్టారు. పొడుగు బల్ల, దాని మీద మాసిన ఆకుపచ్చ గుడ్డ, పైన కిర్రుమంటూ ఫ్యాను. గోడకి అద్దం వెనక మొగ పటం. తేమకి దాని మూల ఉబ్బిపోయి ఉంది. క్లబ్బు కార్యదర్శికీ బార్జీ కంపెనీ మేనేజరుకీ చేతుల కుర్చీలు వేశారు. మేం నిలబడ్డాం. ఆఫీసరు చెడ్డవాడని చెప్పను. కళ్లు నులుముకుంటూ, ఇది ఎప్పుడు అయిపోతుందా అని చూస్తున్న మనిషి. లేచి వెళ్లి పటం మీద వేలు పెట్టాడు.

"ప్రమాదం ఇక్కడ జరిగింది. ఇది పడవదారి నడిమధ్య. తెడ్డు పడవ దారికి అడ్డంగా ఉంది" అన్నాడు.

"అది ఎనిమిదేళ్ల కిందటి దారి సార్. ఇప్పుడక్కడ నడుంలోతు నీళ్లే" అన్నాను.

"మా దగ్గరున్న పటం ఇదే."

"మొగలో ఉన్న నీళ్లు అవి కావు కదా సార్."

కార్యదర్శి సన్నగా నవ్వాడు. ఆఫీసరు మళ్లీ కళ్లు నులుముకున్నాడు. "దారి మారిందని మీకెలా తెలుసు?"

"గెడలున్నాయి కదా సార్, చూసి వెళ్లడమే."

"ఏం గెడలు? పటంలో గెడలేం లేవే. ఎవరు పాతారు వాటిని?"

వారం రోజులుగా బావ నోరు విప్పలేదు. తిండి కూడా సరిగ్గా తినలేదు. కానీ అతని పని గురించి ఒక ఆఫీసరు అడగడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. బావ ముందుకొచ్చి నిటారుగా నిలబడ్డాడు. "నేనేనండి. ఇరవై ఏళ్లుగా నేనే. నలభై రెండూ నా చేతి మీదుగా పడ్డవే. ఇంతవరకు ఒక్కటి కూడా తప్పు పడలేదు. కావాలంటే బార్జీల వాళ్లని అడగండి."

నేను మోచేత్తో పొడిచాను. ఇంకా వివరంగా చెప్పమంటున్నానేమో అనుకున్నాడు పిచ్చి మారాజు. ఎంత లోతున దించుతాడు, చీపురు ఎలా కడతాడు, అన్నీ చెప్పుకొచ్చాడు. గుమాస్తా ఒక్క ముక్క వదలకుండా రాసుకున్నాడు. ఆ కాగితం మాత్రం పోలేదు.

నాలుగు రోజులకి బావ మీద కేసు. అనుమతి లేకుండా పడవదారిలో అడ్డంకులు పాతి ప్రాణనష్టానికి కారణమయ్యాడట. పిన్నిని గుద్దినాయన ఆ కేసులో సాక్షి. తను చేసిన మంచి పనిని తన నోటితోనే నేరంగా ఒప్పుకున్నాడు మా బావ. పని చేసుకు బతికేవాడికి తప్ప ఇలాంటి పొరపాటు ఇంకొకరికి రాదు.

దాంతోపాటు రేవు గోడ మీద ఒక ఉత్తర్వు అంటించారు. పైన పెద్దక్షరాలతో 'మొగలో రాకపోకల భద్రత'. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గుంకేదాకా తెడ్డు పడవలు పాయ దాటకూడదు. కర్ర, గెడ, రాయి, తాడు, వల, ఏదీ పాయలో నిలపకూడదు. కింద రంగుల బొమ్మ. సరుకు పడవలకి నీలం, షికారు బోట్లకి ఆకుపచ్చ. మా రంగు ఏదా అని కళ్లద్దాలు తుడుచుకుని వెతికాను. వెయ్యలేదు. పగలు దాటకూడదంటే దిబ్బ మాకు లేనట్టే. చీకట్లో గుల్లలు ఎవరు తవ్వగలరు?

ఆ మధ్యాహ్నమే కాంట్రాక్టరు మరబోటు వచ్చి గెడలు పీకడం మొదలెట్టింది. బావ గట్టు మీద గొంతుక్కూర్చుని ఒక్కొక్కటీ లెక్కపెడుతున్నాడు. కేసు గురించి ఒక్క మాట లేదు. "చూశావా, కొత్తది పెట్టకుండానే పీకేస్తున్నారు" అన్నాడు నాతో. ఏడుస్తున్నాడు. నలభై రెండోది పీకేసరికి పోలీసు జీపు వచ్చి బావని తీసుకెళ్లింది.

ముచ్చటగా మూడో రోజున బార్జీ ఇసుకెక్కింది. ఇంకో బార్జీతో లాగుతుంటే ఇనుప తాడు తెగి ఒక కళాసీకి మోచెయ్యి నుజ్జయిపోయింది. క్లబ్బు బోటు కూడా ఒకటి దిబ్బ మీద పల్టీ కొట్టింది, ఎవరికీ ఏం కాలేదు. నా లాంచీలో ఆస్పత్రికి వెళ్తున్న నిండు చూలాలిని పెట్టుకుని గంటన్నర ఇసుకలో కూర్చున్నాను. ఇంజను ఆపేస్తే ఆమె మూలుగు స్పష్టంగా వినబడుతోంది. పోటు ఎక్కి లాంచీ తేలేదాకా ఎవరం ఏం చెయ్యలేకపోయాం.

ఆ సాయంత్రం ఐసు గోడౌనులో మీటింగు పెట్టాం. మా పేటవాళ్లంతా వచ్చారు. పిలవకుండానే బార్జీ కళాసీలు పన్నెండు మంది వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. వాళ్లకీ మాకూ ఎప్పుడూ పడేది కాదు. వాళ్లలో పెద్ద కళాసీ అని ఒకడున్నాడు, తలుపంత మనిషి. మా పడవల్ని చూస్తే బూతులందుకునేవాడు.

"ఏం, మా ఆడవాళ్లని తిట్టడానికి ఇక్కడికి కూడా వచ్చారా?" అని మావాళ్లు లేచారు.

"తిట్టాను. బార్జీకి బ్రేకులుండవయ్యా. మీ పడవ అడ్డమొస్తే నా గుండె గొంతులోకొస్తుంది. భయానికి తిట్టాను" అన్నాడు పెద్ద కళాసీ. "ఇవాళ చెయ్యి పోయింది మావాడిది. మేనేజరు ఏమన్నాడో తెలుసా? గెడలు లేనప్పుడు కళ్లు పెట్టుకుని నడపాలట. పాతిక మలుపులున్న పాయ, కళ్లతో నీళ్ల అడుగు కనబడుతుందా?"

లేచినవాళ్లు మళ్లీ కూర్చున్నారు. వెనక నుంచి ఒకడు అందుకున్నాడు. "ఇంకా మంచిది. గెడలు లేవు కదా, అలాగే ఉండనీండి. క్లబ్బు బోట్లు రోజుకొకటి ముక్కలవనీండి. అప్పుడు తిక్క కుదురుతుంది."

చాలామంది అవునన్నారు. నిజం చెప్పాలంటే నాకూ ఆ మాట నచ్చింది. పిన్నిని ఈ చేతుల మీద మోసినవాణ్ణి, నచ్చకేం చేస్తుంది.

అప్పుడు అక్క లేచింది. మొగుడు జైల్లో ఉన్నాడు, పిన్ని పోయింది, పడవ పోయింది. గొంతులో జీవం లేదు. "వాళ్ల బోట్లు నడిపే డ్రైవర్లు సగం మంది మన వీధివాళ్లే. పోనీ వాళ్లు కాకపోయినా, లోపల పిల్లలుంటారు. అతను తొందరలో చంపాడు. మనం కూర్చుని లెక్కేసుకుని చంపుదామా? నా వల్ల కాదు" అంది. "దారి చూపించడం మన పని. అది మానేస్తే మనం గెలిచినా ఓడినట్టే."

"చూపించాలంటే గెడ పాతాలి. పాతిన మరుక్షణం జైలు" అన్నాను.

"ఆ కాగితం చదువు తమ్ముడూ."

చదివాను. కర్ర, గెడ, రాయి, తాడు, వల.

"మనిషి అని ఉందా?"

మళ్లీ చదివాను. "లేదక్కా."

"అయితే మనమే నిలబడదాం. ఒక్కొక్క గెడ చోట ఒక్కొక్క మనిషి. నిండు పోటులో భయం లేదు, ఆటు దగ్గరే కదా చావంతా. ఆటుకి ముందు గంటన్నర, తరవాత గంటన్నర. గెడలు పటంలోకెక్కించేదాకా నిలబడదాం. పటంలో ఉంటే మీ బావ నేరస్థుడు కాడు. గెడలు దాటి లోపలికొచ్చి గుద్దినవాడిదే తప్పవుతుంది. మన దాటు ఎవడూ ఆపలేడు."

"నీళ్లలో చలేస్తుందే తల్లీ" అంది ఒక ముసలమ్మ.

"ఎప్పుడు చలెయ్యలేదు పెద్దమ్మా" అంది అక్క, కూర్చుంటూ.

మర్నాడు నేను లాంచీ తీసుకుని మలుపు తిరిగేసరికి ఎదురుగా రెండు వరసల మనుషులు. నలభై రెండు మంది. ఎడమ వరసలో ఉన్నవాళ్లు చీపుర్లు నెత్తి మీదికెత్తి పట్టుకున్నారు. లాంచీలో జనం మొదట నవ్వారు. చీపురు పట్టుకుని నీళ్లలో నిలబడ్డ ముసలమ్మని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. రెండో మలుపు దగ్గర నవ్వు ఆగిపోయింది. ఆడవాళ్ల పెదాలు నల్లబడి ఉన్నాయి, దవడలు కొట్టుకుంటున్నాయి, చీపుర్లు మాత్రం నిటారుగా ఉన్నాయి. నేను ఇంజను తగ్గించి, అక్క మీద నీళ్లు పడకుండా, పక్క నుంచి మెల్లగా పోనిచ్చాను. నా వెనకే బార్జీ అలాగే వచ్చింది. దాని వెనక క్లబ్బు బోట్లు. గెడ అయితే గుద్దినా ఏం కాదు కానీ, మనిషి పక్కన స్పీడుగా పోవడానికి ఎవరికీ చెయ్యాడలేదు. మొగలో అన్ని పడవలూ నెమ్మదిగా వెళ్లిన మొదటి రోజు అది. మా తెడ్డు పడవలు ఆ వరసల మధ్య నుంచే దిబ్బకి దాటాయి. పట్టపగలు.

మూడు రోజులు అలా గడిచాయి. నాలుగో రోజున రేవు గోడ మీద ఉత్తర్వు దగ్గర గుంపు చేరింది. కర్ర, గెడ, రాయి, తాడు, వల. ఆ వరస చివర పెన్నుతో ఒక మాట చేర్చారు. మనుషులు. పోర్టాఫీసు కాగితంలో మా ప్రస్తావన రావడం అదే మొదటిసారని అక్క అంది.

ఆ రోజు ఆటుకి పోలీసులు వచ్చారు. ఒక ఎస్సై, ఎనిమిది మంది కానిస్టేబుళ్లు. ప్యాంట్లు మోకాళ్ల దాకా మడుచుకున్నారు, నీళ్లు నడుం దాకా ఉన్నాయి. తిన్నగా అక్క దగ్గరికెళ్లారు. అక్కది తొమ్మిదో గెడ, పాయ అన్నిటికంటే ఇరుకైన చోటు. అప్పుడే దూరం నుంచి బార్జీ వస్తోంది, నిండు సరుకుతో.

"నడువమ్మా, స్టేషనుకి" అన్నాడు ఎస్సై.

"వస్తాను. ఇంకో మనిషి నిలబడనీండి."

"అదేం కుదరదు."

"కొత్త గెడ నిలబడేదాకా పాత గెడ తియ్యకూడదు బాబూ. అదుగో బార్జీ వచ్చేస్తోంది. ఇప్పుడు నేను కదిలితే అది ఇటు మొగ్గుతుంది, మీరూ నేనూ అందరం దాని కిందే. మీ ఇష్టం."

ఎస్సై బార్జీ వైపు చూశాడు. నీళ్ల వైపు చూశాడు. కానిస్టేబుళ్లని ఆగమని చెయ్యెత్తాడు.

బార్జీ దగ్గరికొచ్చి ఇంజను తగ్గించింది. దాని అంచు మీద నుంచి పెద్ద కళాసీ చొక్కా విప్పి పక్కన పడేసి, బూట్లతో సహా నీళ్లలోకి దూకాడు. ఈదుకుంటూ వచ్చి అక్క పక్కన లేచాడు. బార్జీలో ఉన్నవాళ్లు కేకలేశారు, మేనేజరుకి తెలిస్తే ఉద్యోగం పోతుందని. అతను వినిపించుకోలేదు.

"ఎక్కడ నిలబడాలి?" అన్నాడు.

"ఎడమకి రెండడుగులు. ఇంకా. కాలికి గట్టి మట్టి తగిలిందా?"

"తగిలింది."

"దాని ముందు మెత్తగా జారుతోందా?"

"జారుతోంది."

"అదే అంచు. అక్కణ్ణుంచి కదలకు." చీపురు అతని చేతిలో పెట్టింది. ఇన్నేళ్లు తిట్టిన మనిషికి దారి గుర్తు అప్పగించి, ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని, అప్పుడు చేతులు ముందుకి చాపింది. అప్పటిదాకా ఆ పోలీసులు తొమ్మిది మందీ నీళ్లలో వణుకుతూ ఆగారు. బార్జీ కూడా ఆగింది. ఆ మాట మాత్రం నేను చచ్చేదాకా చెప్తాను.

ఇది జరిగి పందొమ్మిది రోజులైంది. ముప్ఫయి ఒక్క మందిని పట్టుకెళ్లారు. పెద్ద కళాసీ ఉద్యోగం పోయింది, ఇప్పుడు అక్క వాళ్లతోపాటు లోపలున్నాడు. నన్ను లాంచీ నుంచి తీసేశారు. పద్ధెనిమిదేళ్లు పట్టుకున్న చుక్కాని, చెయ్యి ఊరికే అటు పోతుంది. పటం ఇంకా అద్దం వెనకే ఉంది. మొన్న ఆఫీసరు ఒక్కడే గట్టు మీదికొచ్చి, చాలాసేపు చూసి, "అక్కడ లోతెంత?" అని నన్ను అడిగాడు. చెప్పాను. జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు. అదేం చేస్తాడో తెలీదు, దాని మీద ఆశలు పెట్టుకునే ఓపిక నాకు లేదు. పున్నమి పోటుకి పాయ మళ్లీ జరిగింది. మేమూ జరిగాం. పందొమ్మిది రోజుల్లో ఒక్క ఆటుకి కూడా నలభై రెండుకి ఒకటి తగ్గలేదు.

మాకు మంత్రాలేం రావు. అలిసిపోయాం. మా పేటలో నిలబడగలిగినవాళ్లు ఇంక పదిహేను మందే ఉన్నారు, వాళ్లలో ముగ్గురికి జ్వరం. మిగతా చోట్లలో మా వీధి బోటు డ్రైవర్లు, రేవు కూలీలు, కళాసీల పెళ్లాలు నిలబడుతున్నారు. అందుకే ఇక్కడికొచ్చాను. ఉపన్యాసం చెప్పడానికి రాలేదు.

రేపు ఆటు పదకొండున్నరకి. నాది పదిహేడో గెడ. రేపు నా వంతని స్టేషను నుంచి కబురొచ్చింది. పట్టుకెళ్లడానికి పోలీసులొస్తే వెళ్తాను, దానికేం లేదు. కానీ కొత్త మనిషి నిలబడేదాకా నేను కదలకూడదు. అక్కడ నీళ్లు కాస్త లోతు, నాలాంటి పొట్టివాడికి ఛాతీ దాకా వస్తాయి. చీపురు మేమే ఇస్తాం. పొడుగ్గా ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే ముందుకి రండి.